మద్యపానము – కాలేయము: రక్తపరీక్ష చెప్పు సంగతులు

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున సమాచారశాఖ అధికారి యొకరు చేసిన ప్రసంగపాఠము)



నాకు ముందు మాటలాడిన పెద్దలు మంచినీటి పథకములను గూర్చియు, వీధిదీపములను గూర్చియు, ఇంటిపన్ను వసూళ్లను గూర్చియు విపులముగ సెలవిచ్చినారు. అవియన్నియు కంటికి కనుపించు పనులు. నేను చెప్పబూనినది కంటికి కనుపించని సంగతి. మద్యము త్రాగువాని శరీరములో కాలేయము ఎట్లు చెడిపోవునో, ఆ చెడును రక్తపరీక్ష ఎంత ముందుగ తెలుపగలదో, ఆ పరీక్షకు అందనిది ఏమో మీకు మనవి చేయుదును.

నేను వైద్యుడను కాను. వైద్యులు చెప్పినదానిని పదిమందికి తెలియు మాటలలో అందజేయుట నా ఉద్యోగధర్మము. అయినను ఈ విషయమున నాకు పుస్తకములు చదివి తెలిసికొన్నదే కాక, మా యింటి అనుభవము కూడ కలదు. అది గర్వముగ చెప్పుకొనదగినది కాదు. చెప్పకుండుట అంతకంటె తప్పని తోచి చెప్పుచున్నాను.

కాలేయము చేయు పని

కుడివైపు ప్రక్కటెముకల క్రింద ఉండు అవయవము కాలేయము. మన పల్లెలలో కార్జమందురు. పెద్దవారి శరీరములో దీని బరువు సుమారు ఒకటిన్నర కిలోగ్రాములు. శరీరము లోపలి అవయవములలో ఇదియే పెద్దది. మనము తిన్న ఆహారములోని సారము ప్రేగులనుండి రక్తములో కలిసి మొట్టమొదట కాలేయమునకే చేరును. ఆ సారమును నిలువచేయుట, గాయమైనపుడు రక్తము గడ్డకట్టుటకు కావలసిన పదార్థములను తయారుచేయుట, ఆల్బుమిన్ అను మాంసకృత్తును తయారుచేయుట, జీర్ణమునకు కావలసిన పైత్యరసమును ఊరించుట, శరీరమునకు సరిపడని విషములను విరుచుట, ఇవియన్నియు దాని పనులు.

మద్యము కూడ అట్లు విరువవలసిన విషమే. త్రాగిన మద్యములో సుమారు పదింట తొమ్మిది పాళ్లు విరుచు భారము కాలేయముమీదనే పడును. అట్లు విరుచునపుడు అసిటాల్డిహైడ్ అను పదార్థము పుట్టును. అది మద్యముకంటె చెడ్డ విషము. పిదప అదియు మారి హానిలేని పదార్థమగును గాని, ఆ నడుమ అది కాలేయ కణములను గాయపరచును. కాలేయము ఈ పనిని తన వేగముననే చేయును. మజ్జిగ త్రాగినను, నిమ్మరసము పిండుకొన్నను, చన్నీటి స్నానము చేసినను ఆ వేగము పెరుగదు.

"నేను బ్రాందీ ముట్టను, బీరే త్రాగుదును" అని కొందరు ధైర్యము చెప్పుకొందురు. లెక్క చూడుడు. క్వార్టరు అని మనమనుకొను 180 మిల్లీలీటర్ల బ్రాందీ సీసాలో సుమారు 60 గ్రాముల ఆల్కహాలు కలదు. 650 మిల్లీలీటర్ల మామూలు బీరు సీసాలో సుమారు 25 గ్రాములు, ఎనిమిది శాతముండు స్ట్రాంగు బీరులో సుమారు 40 గ్రాములు కలవు. అనగా మూడు స్ట్రాంగు బీరులు త్రాగినవాడు రెండు క్వార్టర్లు త్రాగినవానితో సమానుడు. సీసా రంగును బట్టి కాలేయము తీర్పు చెప్పదు. లోపల పడిన గ్రాములనే లెక్కించును. ఇంత త్రాగిన హాని లేదని చెప్పదగిన పరిమాణమేదియు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించినది.

మూడు మెట్లు

కాలేయము చెడిపోవుట మూడు మెట్లలో జరుగును.

మొదటి మెట్టు కొవ్వు పట్టుట. ప్రతిదినము అధికముగ త్రాగువారిలో పదిమందికి తొమ్మండుగురికి కాలేయమున కొవ్వు చేరును. ఈ మెట్టున రోగికి ఏమియు తెలియదు. ఆకలి కలదు, పని చేయగలడు, నిద్ర పట్టును. కాలేయము లోపలి కండకు నొప్పి తెలియదు గనుక అది మొరపెట్టదు. కాని శుభవార్త యేమనగా, మద్యము పూర్తిగ మానినచో ఈ కొవ్వు కొన్ని వారములలోనే కరగిపోవును.

రెండవ మెట్టు వాపు. కాలేయ కణములు చచ్చిపోవుచుండును. జ్వరము, ఆకలి లేమి, కన్నులు పచ్చబడుట కనుపింపవచ్చును. ఇది తీవ్రమైనచో కొన్ని వారములలోనే ప్రాణము తీయగలదు. తీవ్రము కానిచో మద్యము మానుటవలన చాలవరకు కోలుకొనవచ్చును.

మూడవ మెట్టు కాలేయము గట్టిపడుట. దీనిని వైద్యులు సిరోసిస్ అందురు. గాయము మానిన చోట మచ్చ మిగిలినట్లు, మెత్తని కాలేయమంతయు మచ్చలతో బిగిసిపోవును. చెరువు తూము పూడిపోయినపుడు నీరు ఊరకుండదు. బలహీనమైన గట్టును వెదకి కోసికొని పోవును. అట్లే కాలేయము గుండ పోవలసిన రక్తము దారి లేక అన్నవాహిక గోడలలోని సన్నని నరములలోనికి ఎగదన్నును. అవి ఉబ్బి పగిలినపుడు రోగి రక్తము కక్కుకొనును. పొట్టలో నీరు చేరును. కాళ్లు పొంగును. మతి తప్పును. బహుకాలము అధికముగ త్రాగువారిలో నూటికి పదిమందినుండి ఇరువదిమంది వరకు ఈ మెట్టుకు చేరుదురు. ఆ పదుగురిలో తాను లేననుకొనుట ప్రతి త్రాగుబోతుకును సహజము. స్థూలకాయము, మధుమేహము, హెపటైటిస్ బి, సి వ్యాధులు గలవారికి ఈ ప్రమాదము హెచ్చు. స్త్రీలకు తక్కువ మద్యముతోనే ఎక్కువ హాని కలుగును.

రిపోర్టులోని అంకెలు

ఇక రక్తపరీక్ష సంగతి. కాలేయ పరీక్ష యని వ్రాసి యిచ్చిన రిపోర్టులో చాల అంకెలుండును. వానిని రెండు జాతులుగ విభజించుకొన్నచో తేలికగ తెలియును.

మొదటి జాతి గాయమును తెలుపు అంకెలు. ఎస్.జి.ఓ.టి., ఎస్.జి.పి.టి. అనునవి కాలేయ కణముల లోపల ఉండవలసిన పదార్థములు. కణము పగిలినపుడు అవి రక్తములోనికి కారును. బండిమీది ధాన్యపు బస్తా చినిగినచో దారిపొడుగునను గింజలు పడును. ఆ గింజలను చూచి బస్తా చినిగినదని తెలిసికొందుము. ఈ పరీక్ష అట్టిది. ఈ రెండును సాధారణముగ 40 యూనిట్ల లోపల ఉండును. మద్యమువలన కలిగిన వ్యాధిలో ఎస్.జి.ఓ.టి. హెచ్చుగను, ఎస్.జి.పి.టి. దానిలో సగమో, అంతకంటె తక్కువయో ఉండుట తరచు కనుపించును. అనుభవము గల డాక్టరు ఈ నిష్పత్తిని చూచినంతనే మద్యమును శంకించును. జి.జి.టి. అను మరియొక అంకె కూడ మద్యము త్రాగువారిలో పెరుగును. అయితే అది ఇతర కారణములచేతను, కొన్ని మందులచేతను కూడ పెరుగును గనుక, ఆ అంకె నొక్కదానినే చూచి ఒకనిపై త్రాగుబోతని ముద్ర వేయరాదు.

రెండవ జాతి పని శక్తిని తెలుపు అంకెలు. బిలిరుబిన్ పెరిగినచో కన్నులు పచ్చబడును. అది సాధారణముగ 1.2 మిల్లీగ్రాములకు మించదు. ఆల్బుమిన్ 3.5 గ్రాములకు తగ్గరాదు. ఐ.ఎన్.ఆర్. అను అంకె రక్తము ఎంత త్వరగ గడ్డకట్టునో చెప్పును. అది పెరిగినచో కాలేయము తన పని చేయలేకున్నదని అర్థము. ప్లేట్‌లెట్లు లక్షన్నరకు తగ్గుట కూడ గట్టిపడిన కాలేయమునకు ఒక గుర్తు కావచ్చును.

ఇచట ఒక ముఖ్యమైన మెలిక కలదు. కాలేయము పూర్తిగ గట్టిపడిన పిమ్మట మొదటి జాతి అంకెలు తగ్గి మామూలుగ కనుపింపవచ్చును. బస్తా సగము ఖాళీ అయిన పిమ్మట దారిలో గింజలు పడవు. గింజలు కనబడలేదని బస్తా నిండుగ ఉన్నదని అనుకొనవచ్చునా? కావున "ఎస్.జి.పి.టి. మామూలుగనే ఉన్నది, నాకేమియు లేదు" అని సంతసించుట పొరపాటు. రెండు జాతుల అంకెలను, పొట్ట స్కానింగును, రోగి చెప్పు మాటను కలిపి చూచి డాక్టరు నిర్ణయింపవలెను. ఆ చివరిదియే, అనగా రోగి చెప్పు మాటయే, మన గ్రామములలో తరచు అబద్ధమగుచున్నది.

మా యింటి కథ

మా పెద్దక్కయ్య భర్త, మా బావగారు, తమ గ్రామమున రెండు దఫాలు వార్డు సభ్యులుగ పనిచేసినవారు. తగవులు తీర్చుటలో నేర్పరి. ఎవరింట పెండ్లి జరిగినను పందిరి వేయించుటనుండి విస్తళ్లు ఎత్తించుట వరకు తామే నిలబడి చూచుకొనెడివారు. ప్రతి సాయంకాలము ఒక క్వార్టరు, కొన్ని దినములలో రెండు, సేవించు అలవాటు వారికుండెను. త్రాగి వీధిలో పడలేదు, ఎవరిని దూషింపలేదు. అందుచేత మా దృష్టిలో వారు త్రాగుబోతు కారు.

2014 వేసవిలో వారికి ఆకలి మందగించెను. నేనే వెంట ఉండి పట్టణమునకు తీసికొనిపోయి పరీక్షలు చేయించితిని. ఎస్.జి.ఓ.టి. 168, ఎస్.జి.పి.టి. 70. హెపటైటిస్ బి, సి పరీక్షలలో ఆ వ్యాధులు లేవని తేలినది. స్కానింగులో కాలేయమునకు కొవ్వు పట్టినదని వచ్చెను. డాక్టరుగారు రిపోర్టును ఒకసారి, బావగారి ముఖమును ఒకసారి చూచి, "మద్యము తీసికొను అలవాటున్నదా?" అని యడిగిరి.

"ఎప్పుడో పండుగకు, పెండ్లికి" అనిరి బావగారు.

మా అక్కయ్య వెనుక నిలబడి కొంగు అంచు చూచుకొనుచుండెను. నేను ప్రక్కనే కూర్చుండి యుంటిని. నిజము మా ముగ్గురకును తెలియును. పెద్దవారు, బావగారు, పరువు గలవారు. పరాయివాని యెదుట వారి మాటను నేనెట్లు కాదందును అని నోరు మెదపలేదు. డాక్టరుగారు మరల, "ఈ అంకెల తీరు మద్యమునే చూపుచున్నది, ఆలోచించి చెప్పుడు" అనిరి. బావగారికి కోపము వచ్చినది. ఆ ఆసుపత్రికి మరల పోలేదు.

2015 సంక్రాంతి దాటిన పిమ్మట వారి కన్నులు పచ్చబడినవి. మూడు వారములు ఆకు పసరు త్రాగిరి. కాళ్లు పొంగి, పొట్ట ఉబ్బిన పిదప జిల్లా కేంద్రములోని పెద్ద ఆసుపత్రిలో చేర్చితిమి. అచటను మద్యము మాట ఎవరును చెప్పలేదు. చేరిన రెండవ దినమున చేతులు వణకినవి. మూడవ రాత్రి మంచముమీద ఎలుకలు ప్రాకుచున్నవని కేకలు వేసి, సూది తీసివేసి లేచిపోబోయిరి. అందరును కాలేయపు మత్తు అనుకొనుచుండగా మా అక్కయ్య నర్సమ్మ చేయి పట్టుకొని, "అమ్మా, ఈయన ప్రతిదినము త్రాగును. ఇరువది ఏండ్లనుండి త్రాగును. మూడు దినములనుండి లేదు" అని చెప్పినది.

ఆ ఒక్క మాటతో వైద్యము దారి మారినది. ప్రతిదినము త్రాగువాడు హఠాత్తుగ మానినచో వచ్చు ఉపద్రవమది. దానికి తగిన మందులిచ్చి, బి1 విటమిన్ సూదులు వేసి ప్రాణము నిలిపిరి. కాని కాలేయము అప్పటికే గట్టిపడినది. ఆల్బుమిన్ 2.4, ప్లేట్‌లెట్లు 78 వేలు, బిలిరుబిన్ 6.4. తొమ్మిది నెలలకు ముందు మొదటి మెట్టుమీద ఉన్నట్లు కనుపించిన మనిషి మూడవ మెట్టున తేలినారు. బహుశః ఆనాటికే లోపల కొంత గట్టిపడి యుండవచ్చును. కాని ఆనాడు మేము నిజము చెప్పియున్నచో డాక్టరుగారు దానిని వెదకియుండెడివారు. మద్యము ఆనాడే ఆగియుండెడిది. ఆ తొమ్మిది నెలలును మా మర్యాద తీసికొన్న నెలలు.

బావగారు ఆసుపత్రినుండి వచ్చిన పిదప మద్యము మరల ముట్టలేదు. ఉప్పు తగ్గించి, మందులు వేసికొనుచు నాలుగేండ్లకు పైగ జీవించిరి. ఒకసారి రిపోర్టులో ఎస్.జి.పి.టి. 34 అని వచ్చినపుడు మేమందరము మిఠాయి పంచబోతిమి. డాక్టరుగారు ఖాళీ బస్తా సామెత అపుడే చెప్పిరి. నేను మీకు చెప్పినది వారి మాటయే.

2016లో ఆ గ్రామమున ట్రాక్టరు నడుపు యువకుడొకడు ప్రతిరాత్రి త్రాగుచున్నాడని తెలిసి, బావగారు వానిని తామే వెంటబెట్టుకొని ఆసుపత్రికి తీసికొనిపోయిరి. డాక్టరు అడుగకమునుపే, "అయ్యా, వీడు రోజునకొక క్వార్టరు త్రాగును. వీనిచేత అబద్ధము చెప్పింపకుడు. నేను చెప్పి చెడినాను" అనిరట. వానికి ఎస్.జి.ఓ.టి. 96, జి.జి.టి. 240 ఉండెను, కాలేయమునకు కొవ్వు పట్టియుండెను గాని ఆల్బుమిన్, బిలిరుబిన్ సరిగనే యుండెను. డాక్టరు పర్యవేక్షణలో మానినాడు. మూడు మాసములకు ఎస్.జి.ఓ.టి. 32కు, జి.జి.టి. 48కి దిగినవి. వాడు నేటికిని ట్రాక్టరు నడుపుకొనుచున్నాడు. బావగారు 2019లో ఒక తెల్లవారుజామున రక్తము కక్కుకొని, ఆసుపత్రికి చేరకముందే కన్ను మూసిరి.

పరీక్షను మోసగింపరాదు

కొందరు పరీక్షకు ముందు రెండు దినములు మాని రిపోర్టు బాగుగ రావలెనని చూతురు. జి.జి.టి. సగమునకు దిగుటకే రెండు మూడు వారములు పట్టును. మద్యమువలన ఎర్ర రక్తకణముల పరిమాణము పెరుగును. ఆ కణముల ఆయుస్సు సుమారు 120 దినములు గనుక ఆ మార్పు పోవుటకు మాసములు పట్టును. రెండు దినముల ఉపవాసము వానిని దాచలేదు. పైగా ప్రతిదినము అధికముగ త్రాగువాడు అట్లు హఠాత్తుగ మానుట ప్రమాదకరము. మానిన కొన్ని గంటలకే వణకు, చెమట, గుండెదడ మొదలగును. మొదటి రెండు దినములలో మూర్ఛలు రావచ్చును. రెండు మూడు దినములకు మతిభ్రమణము కలుగవచ్చును. మత్తుమందులు కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడినవారికిని, అది దొరకనపుడు ఇట్టి బాధలే కలుగుచున్నవి. కావున "రేపటినుండి మానుము" అని ఒట్టు వేయించి ఇంటిలో పెట్టి తాళము వేయరాదు. మానవలసినదే, కాని డాక్టరుకు చెప్పి, వారి చేతిమీదుగ మానవలెను.

పంచాయతీ సభ్యులు చేయదగినవి

రాజ్యాంగమునకు 73వ సవరణతో చేర్చిన పదునొకండవ షెడ్యూలులో 29 అంశములు కలవు. అందు ఆరోగ్యము, పారిశుద్ధ్యము, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు చేరియున్నవి. మద్యనిషేధమునకు ప్రభుత్వము కృషి చేయవలెనని 47వ అధికరణము చెప్పుచున్నది. కావున ఇది మీ అధికార పరిధికి బాహ్యమైన విషయము కాదు.

మీ చేతిలోని పనులు కొన్ని మనవి చేయుదును.

ఒకటి. గ్రామములో ఆరోగ్య శిబిరము జరుగునపుడు మధుమేహము, రక్తపుపోటు పరీక్షలతోబాటు కాలేయ పరీక్షకు కూడ ఏర్పాటు చేయుమని వైద్యాధికారిని కోరుడు. ఎవరి రిపోర్టు వారికే తెలియవలెను. రచ్చబండమీద చదివినచో రెండవసారి ఎవరును రారు.

రెండు. కన్నులు పచ్చబడినవానిని పసరువద్దకు పంపుటకు ముందు ఆసుపత్రికి పంపుడు. కలుషితమైన నీటివలన వచ్చు కామెర్లు చాలమందిలో కొన్ని వారములలో తమంతట తామే తగ్గును. గర్భిణీ స్త్రీలకు మాత్రము అవియు ప్రాణాంతకము కావచ్చును. తమంతట తగ్గినపుడు పేరు పసరుకు వచ్చును. మద్యమువలన వచ్చిన కామెర్లు అట్టివి కావు. అచట గడచిన ప్రతి వారమును నష్టమే.

మూడు. క్షయవ్యాధికి మందులు వాడుచున్నవారు మీ గ్రామమున ఎవరైన నున్నచో వారితో ప్రత్యేకముగ మాటలాడుడు. ఆ మందులలో కొన్ని కాలేయముపై భారము మోపును. మద్యము తోడైనచో భారము ప్రమాదమగును. అట్లని మందులు మానరాదు, మద్యము మానవలెను. జ్వరమునకు, ఒంటినొప్పులకు వాడు పారాసిటమాల్ మాత్రలను కూడ ప్రతిదినము త్రాగువారు డాక్టరు నడుగక ఇష్టమువచ్చినన్ని మ్రింగరాదు.

నాలుగు. పుట్టిన శిశువునకు హెపటైటిస్ బి టీకా వేయించిరో లేదో విచారింపుడు. హెపటైటిస్ బి, సి వ్యాధులకు ఉచిత పరీక్ష, చికిత్సల కొరకు 2018లో జాతీయ కార్యక్రమము ప్రారంభమైనది. మద్యమును, ఈ వ్యాధియు ఒకే కాలేయమున చేరినచో పతనము మరింత వేగముగ జరుగునని భావింపుడు.

ఐదు. మానదలచినవారికి 14446 అను జాతీయ సహాయ కేంద్రపు నంబరును, మనోవ్యాకులత గలవారికి 14416 నంబరును పంచాయతీ కార్యాలయపు గోడమీద వ్రాయింపుడు. పన్ను బాకీల పట్టిక వ్రేలాడు గోడమీద ఈ రెండు వరుసలకు చోటు లేకపోదు.

ఆరు. లైసెన్సు లేక కిరాణా కొట్లలో, ఇండ్లలో మద్యము అమ్ము బెల్టు షాపుల విషయము గ్రామసభలో చర్చించి తీర్మానము చేసి అధికారులకు పంపుడు. షెడ్యూల్డు ప్రాంతములలో మద్యమును నియంత్రించు అధికారము గ్రామసభకు ఉండవలెనని 1996 నాటి పెసా చట్టము చెప్పుచున్నది. ఎన్నికల దినములలో సీసాలు పంచుట నేరము. నేడు ఓటు కొరకు సీసా యిచ్చినవాడు రేపు ఆ యింటికి స్కానింగు ఖర్చులీయబోడు.

ఈ పనులు గ్రామస్థులవలన కావని ఎవరును అనుకొనరాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చుకొనుచున్న స్త్రీలు, రోశమ్మ మొదలగువారు, సారా దుకాణమును ఎదిరించిరి. ఆ ఉద్యమము జిల్లాలు దాటి వ్యాపించగా 1993లో రాష్ట్రమున సారా నిషేధింపబడినది. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది. 1997లో అది సడలింపబడినది. చట్టములు వచ్చును, పోవును. దుకాణము తెరచియున్న దినములలో కూడ మన యింటిలోని మనిషిని కాపాడుకొను బాధ్యత మనదే.

ముగింపు మనవి

మీరందరును గౌరవము గలవారు. మీ మాటకు ఊరిలో విలువ కలదు. ఆ విలువయే ఒక్కొక్కప్పుడు శత్రువగును. పెద్దమనిషి త్రాగునని పలుకుటకు ఇంటివారు జంకుదురు. తాను త్రాగుదునని ఒప్పుకొనుటకు పెద్దమనిషి జంకును. డాక్టరు గదిలో తీర్పరి లేడు, సాక్షులు లేరు, జరిమానా లేదు. అచట అడుగు ప్రశ్న అవమానించుటకు కాదు, మందు నిర్ణయించుటకు. దినమున కెంత, ఎన్ని ఏండ్లనుండి, చివరిసారి ఎప్పుడు, ఈ మూడింటికి నిజమైన జవాబు చెప్పినచో వేల రూపాయల పరీక్షలు చేయలేని మేలు జరుగును.

రోగి చెప్పనిచో వెంట వచ్చినవారు చెప్పవలెను. మా అక్కయ్య చివరకు చెప్పినది. నేను తొమ్మిది నెలలకు ముందే చెప్పవలసినది; చెప్పలేదు. మీలో ఎవరైన రేపు ఒకరిని వెంటబెట్టుకొని ఆసుపత్రికి పోయినపుడు, డాక్టరు ఆ ప్రశ్న అడిగి, రోగి "ఎప్పుడో పండుగకు, పెండ్లికి" అన్నపుడు, మీరు నావలె కూర్చుండవద్దు.